మీకు తెలుసా? పాముకు పారాసిటమాల్, కొండచిలువకు మర కుందేలు!

పాము కనిపిస్తే మన ఊళ్లలో జరిగేవి రెండే. ఎవరో ఒకరు కర్ర అందుకుంటారు. లేదంటే పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేస్తారు. అయితే ఆ నేలతో ఏ సంబంధమూ లేని పాము, మనిషి చేతుల మీదుగానే వచ్చి, అడవిలో దిగి, వేలల్లో లక్షల్లో పెరిగిపోతే? అక్కడ కర్రా చాలదు, ఫోనూ చాలదు. అందుకే కొన్ని ప్రభుత్వాలు హెలికాప్టర్లు ఎక్కాయి, కుక్కలకు తర్ఫీదు ఇచ్చాయి, తమిళనాడు నుంచి మనుషుల్ని పిలిపించుకున్నాయి. ఏది ఎంతవరకు పనిచేసిందో చూద్దాం.

గువామ్ అడవి మీద ఎలుకపిల్లల వాన కురిసింది

పసిఫిక్ మహాసముద్రంలో గువామ్ అమెరికా ఏలుబడిలో ఉన్న చిన్న దీవి. 2013 డిసెంబరులో అక్కడి ఆండర్సన్ వైమానిక స్థావరం మీద హెలికాప్టర్లు చచ్చిన ఎలుకపిల్లల్ని జారవిడిచాయి. ఒకటీ రెండూ కాదు, దాదాపు 2,000. ఒక్కోదానిలో 80 మిల్లీగ్రాముల పారాసిటమాల్. అవును, జ్వరం వస్తే మనం మింగే ఆ మాత్రే. మన ఇళ్లలో ఉండే 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి ఆరు పాములకు సరిపోతుంది. ఆ మందు పాము రక్తానికి ఆక్సిజన్‌ను మోసే శక్తి లేకుండా చేస్తుంది. కొన్ని గంటల్లో, మరీ ఆలస్యమైతే రెండు మూడు రోజుల్లో, పాము చచ్చిపోతుంది.

ఎలుకపిల్ల నేల మీద పడితే పీతలో, ఇంకేవో జంతువులో తినేస్తాయి. ఈ పాము ఉండేదేమో చెట్ల మీద. అందుకే ఒక్కో పిల్లకు అట్టముక్క, పొడవాటి కాగితపు తోక కట్టి వదిలారు. ఆ తోక కొమ్మలకు చిక్కుకుని ఎర పైనే వేలాడుతుంది. చాలా పాములు చచ్చినదాన్ని ముట్టవు. గువామ్‌ను పట్టిన ఈ గోధుమరంగు చెట్టుపాముకు మాత్రం ఆ పట్టింపు లేదు. దాని తిండిపోతుతనమే దానికి ఉరి అయింది.

ఇంతకీ ఆ పాము అక్కడికి ఎలా చేరింది? రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, పపువా న్యూగినీ వైపున్న మానుస్ దీవి నుంచి అమెరికా సైనిక సామగ్రి గువామ్‌కు తరలింది. ఆ సామానులో దాక్కుని 1950 ప్రాంతానికి పాము దిగింది. దానిని తినే జంతువు అక్కడ లేదు. పాము అంటే ఏమిటో తెలియని పిట్టలు మాత్రం అడవి నిండా ఉన్నాయి.

పిట్టలు మాయమైతే మొదట అనుమానించింది పామును కాదు

గువామ్ అడవుల్లో పిట్టల కూతలు ఒక్కో ప్రాంతంలో ఆగిపోతూ వచ్చాయి. పురుగుమందుల పని అన్నారు. ఏదో రోగం అన్నారు. జూలీ సావిడ్జ్ అనే పరిశోధకురాలు ఆ రెండూ కావని తేల్చి, పాము వ్యాపించిన దారినీ పిట్టలు పోయిన దారినీ పక్కపక్కన పెట్టి చూపించారు. రెండూ ఒకటే. 1987లో ఆమె పరిశోధన అచ్చయినప్పుడు చాలామందికి నమ్మబుద్ధి కాలేదు. ఒక్క పాము జాతి ఒక దీవి పక్షులన్నిటినీ మింగడమేమిటి అని!

మింగింది. అడవిలో ఉండే 12 దేశవాళీ పక్షి జాతుల్లో 10 అక్కడ కనుమరుగయ్యాయి. గువామ్ ఫ్లైక్యాచర్ భూమి మీదే లేకుండా పోయింది. సిహెక్ అనే బంగారు రంగు బుచ్చిగాణ్ణి, 1980ల్లో చివరి గుప్పెడు పక్షుల్ని పట్టి జూలలో పెంచడం వల్ల మాత్రమే దక్కించుకున్నారు. 2024 సెప్టెంబరులో తొమ్మిది సిహెక్‌లను అడవిలోకి వదిలారు. గువామ్‌లో కాదు, పాముల్లేని పాల్మైరా అనే దూరపు పగడాల దీవిలో. పుట్టింటికి పోవడానికి వాటికి ఇంకా వీల్లేదు.

పిట్టలు పోతే సాలెపురుగులు రాజ్యమేలాయి

వానాకాలంలో గువామ్ అడవుల్లో సాలెగూళ్లు పక్క దీవుల కంటే 40 రెట్లు ఎక్కువని 2012లో లెక్కగట్టారు. వాటిని తినే పిట్ట లేదు మరి. పళ్లు తిని గింజలు దూరంగా విసర్జించే పిట్టలూ లేకపోవడంతో, కొత్త మొక్కలు మొలవడం కూడా బాగా తగ్గింది. అంటే పాము చెట్టును కొరక్కుండానే అడవిని పలచబరుస్తోంది.

కరెంటు పోతే తిట్టాల్సింది పామునే

1978 నుంచి 1997 వరకు గువామ్‌లో పాముల వల్ల కరెంటు పోయిన సందర్భాలు 1,600 పైచిలుకు. తీగల మీద పాకుతూ షార్ట్ సర్క్యూట్ చేయడం వాటికి అలవాటు.

ఈ పాము తనకు తానే ఉచ్చు బిగించుకుని స్తంభం ఎక్కుతుంది

గువామ్‌లో మిగిలిన కొద్ది పక్షుల్లో మైనా జాతి పిట్ట ఒకటి ఉంది. దాని గూటిపెట్టెల్ని కాపాడేందుకు స్తంభాలకు నున్నటి లావుపాటి రేకు గొట్టం తొడిగారు. మామూలు పాము దాన్ని ఎక్కలేదు. ఇది ఎక్కింది! గొట్టం చుట్టూ తన ఒంటినే ఉచ్చులా బిగించి, ఆ ఉచ్చులో సన్నని వంపులు కదిలిస్తూ, ఆయాసపడుతూ, మధ్యమధ్య జారుతూ పైకి పోయింది. పాములు ఇలా కదలడం అంతకుముందు శాస్త్రానికి తెలియదు. ఈ సంగతి 2021 జనవరిలో ప్రకటించారు. ఆ పరిశోధనలో జూలీ సావిడ్జ్ కూడా ఉన్నారు. మూడు దశాబ్దాలు దాటినా ఆ పాము ఆమెకు కొత్త పాఠం చెబుతూనే ఉందన్నమాట.

అన్నిటికన్నా పనికొచ్చిన ఆయుధం ఒక బుజ్జి కుక్క

ఎలుకల వాన వార్తలకెక్కింది గానీ, నన్నడిగితే గువామ్‌లో అసలైన పని చేసేది జాక్ రస్సెల్ టెరియర్ కుక్కలు. ఓడరేవులో, విమానాశ్రయంలో, దీవి దాటి బయటకు పోయే సరుకంతా అవి వాసన చూస్తాయి. హవాయి దీవుల వారికి ఉన్న అతి పెద్ద భయాల్లో ఈ పాము ఒకటి. 1981 నుంచి 1998 వరకు అక్కడి ఓహూ దీవిలో ఎనిమిది పాములు దొరికాయి. అవి గుడ్లు పెట్టి స్థిరపడినట్టు మాత్రం ఇంతవరకు ఆధారం లేదు. రేవులో ఒక కుక్క ఆపిన పామును అడవిలో వంద మంది వెతకక్కర్లేదు. ఈ ఒక్క ముక్క ఫ్లోరిడాకు ముందే తెలిసి ఉంటే, కింద చెప్పబోయే కథ ఉండేది కాదు.

ఫ్లోరిడా చిత్తడిని పెంపుడు కొండచిలువలు ఆక్రమించాయి

అమెరికా దక్షిణపు కొసన, మయామీ పక్కనే ఎవర్‌గ్లేడ్స్. మోకాలి లోతు నీళ్లు, మనిషెత్తు గడ్డి, కనుచూపు మేర అదే. అక్కడ ఇప్పుడు బర్మా కొండచిలువలు కాపురం ఉంటున్నాయి. సొంతూరు ఆగ్నేయాసియా. వచ్చిన దారి పెంపుడు జంతువుల దుకాణాలు. 1996 నుంచి 2006 వరకు లక్షకు దగ్గరగా బర్మా కొండచిలువల్ని అమెరికా దిగుమతి చేసుకుంది. మూరెడు పిల్లగా కొన్నది నాలుగేళ్లలో మంచం కంటే పొడవై కూర్చుంటే, యజమాని చీకటి పడ్డాక కారులో తీసుకుపోయి కాలవ పక్కన వదిలేసి వచ్చాడు. 1992లో వచ్చిన ఆండ్రూ తుపానులో పాముల్ని పెంచే కేంద్రం ఒకటి ధ్వంసమై, అక్కడివీ వీటిలో కలిశాయంటారు. అయితే మొదటి కొండచిలువ ఎవర్‌గ్లేడ్స్‌లో కనబడింది 1979లోనే. తుపాను మీదికి నెట్టడం యజమానులకు అనుకూలమైన కథ.

2005లో ఒక ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 13 అడుగుల కొండచిలువ ఆరడుగుల ఎలిగేటర్ మొసలిని మింగబోయి, పొట్ట పగిలి, రెండూ చచ్చి నీళ్లలో తేలుతున్నాయి. జనం దాన్ని వింతగా చూశారు. అసలు వింత 2012లో బయటపడింది. రోడ్ల వెంట రాత్రిళ్లు తిరిగి జంతువుల్ని లెక్కపెట్టిన పరిశోధకులు 1990ల నాటి లెక్కలతో పోల్చి చూశారు. రకూన్ అనే చిన్న అడవి జంతువులు 99.3 శాతం తగ్గాయి. ఒపోసమ్ అనే సంచి జంతువులు 98.9 శాతం. బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి 87.5 శాతం. కుందేళ్లు, నక్కలు అసలు కనబడనే లేదు.

ఇది నిజంగా కొండచిలువల పనేనా అని మరో బృందం కుందేళ్ల మెడకు రేడియో పట్టీలు కట్టి వదిలింది. చలికాలంలో కుందేళ్లు హాయిగా గంతులేశాయి. ఎండలు ముదిరి పాములు చురుకయ్యాక, చనిపోయిన కుందేళ్లలో 77 శాతం కొండచిలువల కడుపులో తేలాయి. 2015లో వచ్చిన ఆ లెక్క తర్వాత ఇంక వాదనకు చోటు లేకపోయింది.

వందలో ఒకటి కూడా కంటికి కనబడదు

ఫ్లోరిడా కష్టానికి అసలు కీలకం ఇక్కడుంది. కొండచిలువను పట్టడం అంత కష్టం కాదు. ఈ జాతి విషం లేనిది, కదలిక మందం. అనుభవమున్న ఇద్దరు మనుషులుంటే పది అడుగుల దాన్ని సంచిలో వేయగలరు. కష్టమంతా చూడటంలో. గోధుమ మచ్చల ఆ చర్మం ఎండుగడ్డిలో ఎంతగా కలిసిపోతుందంటే, రేడియో యంత్రం అమర్చిన పాము కాళ్ల దగ్గరే ఉందని సిగ్నల్ చెబుతున్నా పరిశోధకుడికి కనబడని సందర్భాలున్నాయి. ఒక పాము ఉన్న చోట వెతికితే అది దొరికే అవకాశం ఒక శాతం కంటే తక్కువని అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తల అంచనా. అంటే దొరికిన ఒక్కోదాని వెనక కనీసం వంద దాక్కున్నట్టు. 2000 నుంచి ఇప్పటిదాకా 23,000కు పైగా పట్టారు. వినడానికి గొప్ప అంకె. పై లెక్కతో కలిపి చదివితే ఆ గొప్ప సగం కరిగిపోతుంది.

పాముల వేట పోటీకి 1,600 మంది వచ్చారు, 68 పాములు దొరికాయి

2013లో ఫ్లోరిడా ప్రభుత్వం కొండచిలువల వేట పోటీ పెట్టింది. దేశం నలుమూలల నుంచి జనం దిగారు. దాదాపు 1,600 మందికి 68 పాములు. ఇప్పుడు ఏటా ఆ జాతర జరుగుతోంది. మొదటి బహుమతి 10,000 డాలర్లు. 2025లో 934 మంది కలిసి 294 పాముల్ని పట్టారు. అందులో 60 ఒక్కరి వాటా. మిగతా వారిలో ఎక్కువమంది దోమకాట్లతో ఇంటికి పోయి ఉంటారు. పోటీ వల్ల జనానికి సమస్య తెలిసింది, కాదనను. కానీ దానివల్ల పాములు తగ్గుతాయనుకుంటే అది టీవీవాళ్లు చెప్పే మాట.

దీనికంటే 2017లో దక్షిణ ఫ్లోరిడా నీటి యాజమాన్య సంస్థ మొదలుపెట్టిన పద్ధతి నయం. ఎంపిక చేసిన వేటగాళ్లకు గంటకు ఇంత అని కూలి, పైన పాము పొడవును బట్టి నజరానా. గుడ్లతో ఉన్న గూడు చూపిస్తే అదనం. జీతం మీద ఏడాది పొడవునా తిరిగేవాడికీ, పది రోజుల సరదాకు వచ్చేవాడికీ తేడా ఉంటుంది కదా.

తమిళనాడు ఇరుళర్లు ఫ్లోరిడా వెళ్లి అడవి చదివారు

అదే 2017 జనవరిలో చెంగల్పట్టు ప్రాంతం నుంచి ఇద్దరు ఇరుళ గిరిజనులు, మాసి సడయన్, వడివేల్ గోపాల్, ఫ్లోరిడాలో దిగారు. పిలిచింది అక్కడి వన్యప్రాణి కమిషన్, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం. ఇంగ్లిష్ రాదు, వెంట దుబాసీలు. మొత్తం పనికి కేటాయించింది 68,888 డాలర్లు.

మొదటి ఎనిమిది రోజుల్లో 13 కొండచిలువలు పట్టారు. కీ లార్గో దీవిలో పాడుబడిన క్షిపణి స్థావరం కింద నుంచి నాలుగింటిని లాగారు. అందులో ఒకటి 16 అడుగుల ఆడపాము. స్థానిక వేటగాళ్లు కాలవగట్ల మీద బండ్లలో తిరుగుతూ రోడ్డు పక్కన ఎండ కాగే పాముల కోసం చూస్తారు. వీళ్లు బండి దిగి పొదల్లోకి నడిచారు. పాము పాకిన జాడ, విడిచిన కుబుసం, పెంట, బొరియ అంచున నునుపు, ఇవి చూసి పాము ఎటు పోయిందో, ఎంతసేపయిందో చెప్పారు. కనబడని పామును కనబడినట్టు చదవడం తరతరాల విద్య. ఎలుకల కోసం పొలాల్లో బొరియలు చదివే మన నెల్లూరు, చిత్తూరు యానాదులను చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

ఇరుళర్లు ఒకప్పుడు పాము చర్మాలు అమ్మి బతికారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ బతుకు పోయింది. 1978లో పాముల నిపుణుడు రొములస్ విటేకర్ చొరవతో పెట్టుకున్న సహకార సంఘంలో ఇప్పుడు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశంలో పాముకాటుకు విరుగుడు మందు తయారుచేసే కంపెనీలకు విషం ప్రధానంగా అందేది అక్కడి నుంచే. మాసి, వడివేల్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

పామును పట్టడానికి పామునే వేగుగా పంపుతున్నారు

వెతకడం మనవల్ల కానప్పుడు వెతికేవాడినే వాడుకోవాలి. నైరుతి ఫ్లోరిడా సంరక్షణ సంస్థ 2013 నుంచి చేస్తున్నది అదే. మగ కొండచిలువను పట్టి, ఒంట్లో రేడియో యంత్రం పెట్టి వదులుతారు. జతకట్టే కాలం రాగానే అది వాసన పట్టుకుని నేరుగా ఆడపాము దగ్గరికి పోతుంది. వెనకాలే మనుషులు. ఆడదాన్ని తీసేస్తారు, మగదాన్ని మరో వేటకు వదిలేస్తారు.

ఇలాంటి ఒక వేగు పేరు డయొనిసస్. అది చూపించిన ఆడపాము దాదాపు 18 అడుగుల పొడవు, 98 కిలోల బరువు. కోసి చూస్తే కడుపులో జింక గిట్టలు, అండాశయాల్లో తయారవుతున్న 122 గుడ్లు. ఒక్క పామును తీస్తే 122 పాములు రాకుండా ఆపినట్టు. ఈ పోరాటంలో లెక్కకు నిలిచే పద్ధతి ఏదని అడిగితే నేను దీనికే ఓటేస్తాను.

వేగులు ఇంకా ఉన్నాయి. కీ లార్గోలో ఒపోసమ్‌లకూ రకూన్లకూ జీపీఎస్ పట్టీలు కట్టింది వాటి తిరుగుడు తెలుసుకోవడానికి. 2022లో ఒక పట్టీ సిగ్నల్ వెంట పోతే, అది లావుపాటి కొండచిలువ పొట్టలోంచి వస్తోంది. తిన్నవాడి చిరునామా తిండే చెప్పింది! ఇక 2025లో మర కుందేళ్లు దిగాయి. సౌరశక్తితో కదులుతూ, ఒంటికి వెచ్చదనం ఉన్న బొమ్మ కుందేళ్లు. పాము దగ్గరికి రాగానే కెమెరా కబురు పెడుతుంది. ఒక్కోటి సుమారు 4,000 డాలర్లు. నిజం కుందేలును వాడితే సరిపోదా అంటే, బోనులో కుందేలుకు రోజూ మేత, నీళ్లు ఎవరు పెట్టాలి?

పట్టిన పామును వండుకోలేరు

ఫ్లోరిడా కొండచిలువల మాంసంలో పాదరసం మోతాదు చాలా ఎక్కువ. చిన్న జంతువును పెద్దది, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోయేకొద్దీ పాదరసం పోగుపడుతుంది. కొండచిలువ ఆ వరుసలో చిట్టచివర ఉంది. అందుకే తినొద్దని అధికారులే హెచ్చరించారు. చర్మంతో బెల్టులు, బూట్లు చేసుకుంటారు, అంతే.

చలి చంపింది, చలే రాటుదేల్చింది

2010 జనవరిలో ఫ్లోరిడాను విపరీతమైన చలి కొట్టింది. అప్పుడు రేడియోతో వెన్నాడుతున్న 10 కొండచిలువల్లో 9 చచ్చిపోయాయి. పీడ విరగడైందని సంబరపడ్డారు. కానీ బతికినవాటి జన్యువుల్ని తర్వాత పరిశీలిస్తే, చలిని తట్టుకునే లక్షణాలవైపు మార్పు కనిపించింది.

వాటిలో మన కొండచిలువ రక్తమూ ఉంది

2018లో దాదాపు 400 ఫ్లోరిడా కొండచిలువల జన్యువుల్ని చూస్తే, కనీసం 13 పాముల్లో భారతీయ కొండచిలువ ఆనవాళ్లు దొరికాయి. మన నల్లమల అడవుల్లో ఉండేది ఆ జాతే. బర్మాది తడి నేలలు ఇష్టపడుతుంది, మనది కాస్త మెట్టగా ఉన్న చోట్లు. రెండూ కలిసిన సంకరానికి రెండు రకాల నేలా నచ్చవచ్చునన్నది అక్కడివారి దిగులు. ఫ్లోరిడాలో ప్రైవేటు స్థలంలో కొండచిలువను ఏడాదిలో ఏ రోజైనా చంపొచ్చు, లైసెన్సు అక్కర్లేదు. అదే మన దగ్గర కొండచిలువకు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది, చంపితే జైలు. పాముది తప్పు కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

పాముల్ని చంపమని ముంగిసను తెస్తే అది కుందేళ్లను తిన్నది

జపాన్ దక్షిణ దీవుల్లో హబు అనే విషసర్పం ఉంది. అది అక్కడిదే. దాని పీడ తగ్గించడానికి 1910లో గంగా ముఖద్వారం ప్రాంతం నుంచి ముంగిసల్ని ఒకినావాకు తెచ్చారు. 1979లో సుమారు 30 ముంగిసల్ని అమామి దీవిలోనూ వదిలారు. అయితే ముంగిస తిరిగేది పగలు, హబు తిరిగేది రాత్రి. రెంటికీ ముఖాముఖి పడిందే తక్కువ. ముంగిస హాయిగా అమామి దీవిలో తప్ప దాదాపు ఎక్కడా లేని నల్ల కుందేళ్ల మీద పడింది. 2000 నాటికి ముంగిసలు 10,000 దాకా పెరిగాయి. ఉచ్చులు, కుక్కలు, కెమెరాలతో రెండు దశాబ్దాలకు పైగా వెంటాడి, 2024 సెప్టెంబరులో అమామిలో ముంగిస లేదని జపాన్ ప్రకటించింది. ముంగిసను అంతం చేయగలిగారు. పెద్ద భూభాగంలో స్థిరపడిన పరాయి పామును మాత్రం ఇంతవరకు ఎవరూ పూర్తిగా తుడిచిపెట్టలేకపోయారు.

గంప్ పోయింది

హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవికి 1980ల్లో ఓ చిన్న తోడేలు పాము చేరింది. తర్వాత అక్కడి బల్లి జాతులు వరసగా కుప్పకూలాయి. ప్రధాన అనుమానితుల్లో ఆ పాము ఒకటి. గంప్ అని పేరుపెట్టి పెంచిన అడవి నలికిరి తన జాతిలో చివరిది. 2014 మే నెలాఖరున చనిపోయింది.

స్పెయిన్ దీవులకు అలంకారం వెంట పాము వచ్చింది

ఇబిజా దీవికి తోటల అలంకరణకని ప్రధాన భూభాగం నుంచి ముసలి ఆలివ్ చెట్లను వేళ్లతో సహా తెచ్చారు. వాటి తొర్రల్లో పాములు వచ్చాయి. ఇప్పుడు ఆ దీవి బల్లులకు చావొచ్చింది. గ్రాన్ కనారియాలోనేమో కాలిఫోర్నియా కింగ్‌స్నేక్, ఇదీ పెంపుడు పామే. అది ఉన్న చోట అక్కడి పెద్ద బల్లి 90 శాతానికి పైగా తగ్గింది.

ప్రపంచాన్ని చుట్టిన పాముకు విశాఖ చిరునామా

చివరగా మనది. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ దేశాలకు పాకిన పాము ఏది? కొండచిలువా కాదు, తాచూ కాదు. పూలకుండీ మట్టిలో వానపాములా కదిలే గుడ్డిపాము. ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చేసిన పాముల పుస్తకంలో దాని బొమ్మ ఉంది. ఆ బొమ్మ ఆధారంగానే 1803లో దోదాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికి శాస్త్రీయనామం పెట్టాడు. అందుకే శాస్త్ర గ్రంథాల్లో ఈ పాముకు మూలస్థానం విశాఖపట్నం.

దీనిలో మగ పాములు లేవు. ఉన్నవన్నీ ఆడవే, జత లేకుండానే గుడ్లు పెడతాయి. కుండీలో ఒక్కటి వెళ్లినా చాలు, ఊరు మొత్తం దాని సంతానమే. అలా కుండీల్లో ఎక్కి హవాయి, ఫ్లోరిడా, ఆస్ట్రేలియా చేరింది. చీమల గుడ్లు, చెదల గుడ్లు తింటుంది, ఎవరి జోలికీ పోదు. కనుక దీని మీద హెలికాప్టర్లు పంపలేదు.

హైదరాబాద్, విజయవాడ పెట్ షాపుల్లో ఇప్పుడు ఆఫ్రికా బాల్ పైథాన్ పిల్లల గురించి అడిగేవాళ్లున్నారు. చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ ప్రయాణికుల సంచుల్లో అవి పట్టుబడుతూనే ఉన్నాయి. వన్యప్రాణుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం పరిధిలో ఉన్న ఇలాంటి విదేశీ జంతువు మీ ఇంట్లో ఉంటే, వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత దాన్ని ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయడం చట్టం. ఇంకా తెచ్చుకోకపోతే కొనకండి. ఇప్పటికే కొనేసి, పెంచలేకపోతున్నారా? అటవీశాఖకు ఫోన్ చేయండి. చెరువుగట్టు దగ్గర మాత్రం వదలకండి.